తూటా ఎందుకు పక్కకు పోతుంది?

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. డి.ఎ. బకాయిలు, పెన్షన్ సవరణ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసిన మిత్రులు రాస్తున్నారు కనుక నేను పూర్తిగా వేరే దారి పట్టాను. ఉద్యోగకాలంలో కొన్నేళ్ళు కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుల ఫైళ్ళు చూసినవాడిని కాబట్టి, తుపాకి సంగతి ఎత్తినా నన్నెవరూ అనుమానించరనే ధైర్యం ఒకటుంది.

ఆ ఫైళ్ళలో ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు. గొట్టం ముందునుంచి మందు కూరే ఎం.ఎల్. గన్ను, ఒక గొట్టం ఎస్.బి.బి.ఎల్., రెండు గొట్టాల డి.బి.బి.ఎల్. దరఖాస్తులో కారణం అనే గడిలో పంట రక్షణ అనో ఆత్మరక్షణ అనో రాసేవారు. “కాగితం మీద గురి కొట్టుకోవడానికి” అని రాసిన దరఖాస్తు ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. అమెరికాలో మాత్రం సుమారు నూటయాభై ఏళ్ళుగా కొందరికి అదే వ్యసనం. యుద్ధం కాదు, వేట కాదు. తూటాను తామే ఇంట్లో నింపుకోవడం, ఊరి బయట పొలంలో మట్టికట్టకు కాగితం తగిలించి కొట్టడం, ఆ రంధ్రాల మధ్య దూరం కొలుచుకోవడం. తుపాకుల వల్ల ఆ దేశంలో జరుగుతున్న ఘోరాలు పేపర్లో చదివే మనకు ఇది వింతగానే ఉంటుంది. ఆ ఘోరాలను నేను తక్కువ చేసి చూపడం లేదు. అయితే ఈ వ్యాసంలోని మనుషులు వేరు. వారిని పీడించిన ప్రశ్న ఒక్కటే: అదే తుపాకి, అదే మందు, అదే చెయ్యి, మరి రెండో తూటా మొదటి రంధ్రంలోనే ఎందుకు దూరదు?

ముందుగా తూటా గురించి రెండు మాటలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు అనే చిన్న టోపీ, లోపల మందు, మూతిలో సీసపు గుండు - ఇంతే. పేలిన తరువాత గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. ఖరీదైన ఇత్తడి గొట్టం మాత్రం చేతిలో మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే మళ్ళీ తూటా తయారు. మందు తూచేది గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజ. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి తూచే గురిగింజ ఎత్తు ఒకటి రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. బంగారం తూచినంత జాగ్రత్తగా మందు తూచాలన్నమాట. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోస్తే తుపాకి పగిలేది నింపినవాడి ముఖం ముందే. ఈ వ్యసనంలో అజాగ్రత్తకు శిక్ష వేసే అధికారి ఎక్కడో ఉండడు.

ఇక చరిత్రకు వస్తే, 1871లో న్యూయార్కులో విలియం చర్చ్, జార్జి వింగేట్ అనే ఇద్దరు మాజీ సైనికాధికారులు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ స్థాపించారు. అంతర్యుద్ధంలో తమ సైనికులకు గురి బొత్తిగా లేదన్నది వారి బాధ. నేడు ఆ సంస్థ పేరు రాజకీయాల్లో వినిపిస్తుంది గాని, పుట్టినప్పటి పని గురి నేర్పడమే. లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ అనే కుటుంబం వారి పొలం కొని దాన్ని షూటింగ్ మైదానంగా మార్చారు. క్రీడ్ వారి బీడు గనుక దానికి క్రీడ్‌మూర్ అని పేరు వచ్చింది. 1873లో అది ప్రారంభమైంది.

మరుసటి సంవత్సరం సెప్టెంబరు 26న అక్కడ జరిగిన పోటీ ఈ చరిత్రలో పెద్ద ఘట్టం. అప్పటికి ఇంగ్లండులో అందరినీ ఓడించి వచ్చిన ఐర్లండు జట్టు అమెరికాను సవాలు చేసింది. జట్టుకు ఆరుగురు. 800, 900, 1,000 గజాల దూరాలు. ఒక్కో దూరంలో మనిషికి 15 దెబ్బలు. నడిబొడ్డుకు తగిలితే 4 మార్కులు. జట్టు మొత్తం మీద గరిష్ఠం 1,080. ఐర్లండు వారివి ముందునుంచి కూరే రిగ్బీ తుపాకులు. అమెరికా వారివి వెనుకనుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రకాలు. వెనుకనుంచి నింపే తుపాకికి అంత దూరం గురి నిలవదని అప్పటి పెద్దల అభిప్రాయం. అమెరికా వారు మందు తూచి పోసి, సీసపు గుండుకు పల్చని కాగితం చుట్టి, తూటాలు తామే తయారు చేసుకునేవారు.

900 గజాల దగ్గర ఐర్లండు జట్టులో మిల్నర్ అనే ఆయన నడిబొడ్డున కొట్టాడు. కాని అది తన పలక కాదు, పక్కవాడిది! నిబంధన ప్రకారం సున్నా వేశారు. చివరికి ఐర్లండు 931 దగ్గర ముగించింది. అమెరికా 930 మీద ఉంది, ఒక్క దెబ్బ మిగిలింది. కొట్టవలసినవాడు కర్నల్ జాన్ బోడైన్. అంతకు కాసేపటి ముందే జింజర్ బీరు సీసా చేతిలో పగిలి ఆయన అరచెయ్యి తెగింది. రుమాలు చుట్టుకుని, రక్తం కారుతుండగానే నేలమీద పడుకుని 1,000 గజాల దూరాన నడిబొడ్డు కొట్టాడు. 934కు 931. మిల్నర్ ఆ నాలుగు మార్కులు పోగొట్టుకోకుంటే ఐర్లండు ఒక్క మార్కుతో గెలిచేది. మన ఆఫీసుల్లో మొత్తం లెక్క సరిగ్గా కట్టి వేరే పద్దు కింద వేసిన గుమాస్తా గుర్తుకు రావడం లేదూ?

క్రీడ్‌మూరు వంటివి పెద్ద మైదానాలు. అసలు రుచి పుట్టింది చిన్నచోట్ల. అమెరికాకు వలస వచ్చిన జర్మనులు షుట్సెన్ సంఘాలు పెట్టుకుని, తమ సొంత పార్కుల్లో ఆదివారం నాడు పిల్లాపాపలతో చేరి, భోజనాలు, పాటల మధ్య 200 గజాల గురి పోటీలు నడిపేవారు. అక్కడి ఆరితేరినవారి పద్ధతి చూడండి. రోజంతటికీ ఒకే ఒక్క ఇత్తడి గొట్టం తెచ్చుకునేవారు. దెబ్బ కొట్టడం, ఆ గొట్టాన్నే తీసి బల్ల మీద పెట్టి ప్రైమరు మార్చి మందు పోసుకోవడం, గుండును మాత్రం తుపాకి మూతినుంచి దింపి, గొట్టాన్ని వెనుకనుంచి పెట్టడం. గొట్టం మారితే కొలత వెంట్రుకవాసి మారుతుందని వారి పట్టుదల. తెచ్చిన ఒక్క గొట్టం పొరపాటున గడ్డిలో పడిపోతే ఆనాటి ఆట ముగిసినట్టే. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మను పేరున్న ప్రతిదాని మీదా వ్యతిరేకత వచ్చి ఆ సంఘాలు చాలా వరకు మూతపడ్డాయి.

వారికి తుపాకి గొట్టాలు చేసిచ్చిన హారీ పోప్ (1861-1950) గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం తెరిచిన కొద్దికాలానికే భూకంపం, మంటలు వచ్చి సర్వం పోయింది. మళ్ళీ జెర్సీ సిటీలో ఒక మేడమీద గదిలో మొదలుపెట్టి, ఎనభై దాటిన వయసులోనూ గొట్టాలు కోస్తూనే ఉన్నాడు. పని ఎప్పటికి పూర్తవుతుందో మాట ఇవ్వనని తలుపు మీదే రాసిపెట్టాడట. కొందరు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అయినా ఆయన గొట్టమే కావాలన్నారు. కొలరాడోలోని బౌల్డర్ ఊరివాడు రోలండ్ అనే ఆయన 1901లో పోప్ గొట్టంతో 200 గజాల నుంచి పది దెబ్బలు కొడితే, బాగా ఎడంగా ఉన్న రెండు రంధ్రాల నడుమ దూరం 0.725 అంగుళం, అంటే ముప్పావు అంగుళం లోపే. సీసపు గుండ్ల కాలంలో ఇది చాలా దశాబ్దాలు చెప్పుకున్న రికార్డు.

అయితే రోలండ్ కూడా ప్రతిరోజూ అలా కొట్టలేడు. ఆ ఒక్క రోజు పది గుండ్లూ ఎందుకు కలిశాయో, మర్నాడు ఎందుకు చెదిరాయో చెప్పగలవాడు లేడు. గాలి అన్నారు, ఎండ అన్నారు, మందు తడి అన్నారు, చెయ్యి అన్నారు. ఎవరి నమ్మకం వారిది. ఈ నమ్మకాలన్నిటినీ పరీక్షకు పెట్టినవాడు డాక్టర్ ఫ్రాంక్లిన్ మ్యాన్.

మ్యాన్ 1856లో మాసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. 1878లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకుని, తరువాత వైద్యం చదివి కొంతకాలం ప్రాక్టీసు చేశాడు. అది ఎక్కువకాలం సాగలేదు. కోళ్ళ మేతకోసం పచ్చి ఎముకలు తరిగే యంత్రం ఒకటి కనిపెట్టి, దాని కర్మాగారం పెట్టి మిల్‌ఫర్డ్‌లో స్థిరపడ్డాడు. కోళ్ళ మేత మీద వచ్చిన డబ్బు గుండ్ల మీద ఖర్చుపెట్టాడు. తన షూటింగ్ స్థలానికి హోమ్‌స్టెడ్ రేంజి, అంటే ఇంటి స్థలపు రేంజి అని పేరు పెట్టుకున్నాడు. ప్రభుత్వం వారి గ్రాంటు లేదు, పై అధికారి లేడు, వార్షిక నివేదిక పంపమని మెమో రాదు.

ఆయన చేసిన మొదటి పని మనిషిని తీసేయడం. భుజం వణుకు, కంటి చూపు, ఊపిరి - ఇవన్నీ ఉన్నంతవరకు తప్పు గుండుదా మనిషిదా అని తేలదు. అందుకని భూమిలోకి దిగిన భారీ కాంక్రీటు దిమ్మె కట్టించి, దాని మీద ఆంగ్ల ‘వి’ అక్షరం ఆకారపు లోహపు తొట్టి బిగించి, తుపాకి గొట్టాన్ని అందులో పడుకోబెట్టాడు. దిమ్మెకు షూటింగ్ జిబ్రాల్టర్ అని ముద్దుపేరు. పేలిన గొట్టం తొట్టిలో వెనక్కి జారుతుంది. తిరిగి ముందుకు నెడితే సరిగ్గా మునుపటి చోటికే వస్తుంది. గురి చూడవలసిన పనే లేదు.

రెండో పని, గుండు దారి పొడవునా పల్చని కాగితపు తెరలు వరుసగా నిలబెట్టడం. గుండు ఒక్కో తెరను చీల్చుకుంటూ పోతుంది. ఆ రంధ్రాలను వరుసగా కొలిస్తే గుండు ఎక్కడ ఎటు ఒరిగిందో పటం గీసినట్టు తెలుస్తుంది. తరువాత ఆయన గుండ్లను కావాలనే పాడుచేశాడు. కొన్నిటి ముక్కు గీరాడు, కొన్నిటి అడుగుభాగం ఒక పక్క కోశాడు, కొన్నిటికి పక్కన రంధ్రం తొలిచి బరువు ఒకవైపుకు తూగేలా చేశాడు. పాడుచేసిన తీరు రాసిపెట్టుకుని, ఒక్కొక్కటిగా కొట్టి చూశాడు.

తేలినది అప్పటి నమ్మకాలకు తలకిందులు. ముక్కు చెడిన గుండు చాలావరకు తిన్నగానే పోయింది. అందరూ చూసుకుని మురిసే భాగం అదే! ఎవరూ తిప్పి చూడని అడుగుభాగం ఏమాత్రం వంకరగా ఉన్నా గుండు దారి తప్పింది. గుండు గొట్టం మూతి దాటే క్షణంలో వెనుకనున్న ఆవిరి అడుగు వంకర ఉన్నవైపు నుంచి ముందుగా బయటపడి దాన్ని పక్కకు తోస్తుంది. అందుకే నేటికీ చేతితో గుండ్లు పోసుకునేవారు మొదట పరీక్షించేది అడుగునే.

బరువు ఒకవైపు తూగే గుండు సంగతి మన వడిసెల తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. చేనులో పిట్టలను తోలేటప్పుడు వడిసెల గిరగిరా తిప్పి వదిలితే, రాయి తిరుగుతున్న వలయాన్ని విడిచి తిన్నగా దూసుకుపోతుంది. తుపాకి గొట్టం లోపల మెలికగాడులు ఉంటాయి, అవి గుండును తిప్పుతాయి. గుండు బరువు కేంద్రం నట్టనడుమ లేకపోతే, గొట్టంలో ఉన్నంతసేపు ఆ కేంద్రం వడిసెలలో రాయిలా చుట్టూ తిరుగుతుంది. మూతి దాటగానే వదిలిన రాయిలా పక్కకు పోతుంది. లెక్క కట్టి చూడండి. 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టంలో, సెకనుకు 1,400 అడుగుల వేగంతో పోయే గుండు సెకనుకు 1,200 చుట్లు తిరుగుతుంది. బరువు కేంద్రం అంగుళంలో వెయ్యోవంతు పక్కకు ఉంటే చాలు, 200 గజాలు పోయేసరికి గుండు మూడు అంగుళాలకు పైగా తప్పుతుంది. పాపం, గాలిని తిట్టుకున్నవాళ్ళు ఎంతమందో!

1909లో మ్యాన్ తన ప్రయోగాలన్నిటినీ ఫొటోలతో, పట్టికలతో ‘ది బుల్లెట్స్ ఫ్లైట్ ఫ్రమ్ పౌడర్ టు టార్గెట్’ అనే గ్రంథంగా ప్రకటించాడు. ఫలించని ప్రయోగాలు కూడా అందులో ఉన్నాయి. నా దృష్టిలో ఆ పుస్తకం గొప్పతనం అదే. ఎందుకో చెప్పలేని చోట చెప్పలేకపోతున్నానని రాశాడు. 1916లో కన్నుమూశాడు.

ఇత్తడి గొట్టం కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. బ్రిటిషు సైన్యం భారతదేశంలో నిల్వచేసిన తూటాలు వానాకాలం రాగానే, ఎవరూ ముట్టుకోకుండానే, నిలువునా పగుళ్ళు తీసేవి. తూటాలు పెట్టినది గుర్రపుశాలల్లో. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, వానాకాలపు తేమ, గొట్టం మూతిని నొక్కినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు - మూడూ కలిసి చేసిన పని అది. కారణం, నివారణ 1921లో మూర్ అనే శాస్త్రజ్ఞుడి బృందం తేల్చింది. గొట్టాన్ని తగుమాత్రం వేడిచేసి మెత్తబరిస్తే బిగువు పోతుంది. బిందె సాగగొట్టేటప్పుడు మధ్యమధ్య కొలిమిలో పెట్టి తీసే మన కంచరివాడికి ఇందులో మొదటి సగం ఏనాడో తెలుసు. నేడు తూటాలు తిరిగి నింపుకునేవారు కూడా కొన్నిసార్లు వాడిన తరువాత గొట్టం మూతిని వేడిచేసుకుంటారు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ అలవాటు సామాన్య కుటుంబాలకు చేరింది. యుద్ధంలో తూటాలకు కరువు వచ్చింది. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన తండ్రి లాండ్రీ షాపు వెనుక గదిలో 1943లో, పారేసిన చిన్న తూటాల గొట్టాలనే కొత్త గుండ్లకు తొడుగులుగా మలిచే అచ్చు తయారుచేశాడు. కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే గ్యాసు కంపెనీ ఉద్యోగి, ప్రభుత్వం వదిలించుకుంటున్న మిగులు మందును జీవిత బీమా పాలసీ మీద అప్పు చేసి టన్నుల లెక్కన కొన్నాడు. దాచడానికి చోటు లేక పాత రైలు పెట్టె ఒకటి కొని, అద్దెకు తీసుకున్న పచ్చికబీడులో పెట్టించాడు. పాలసీ మీద అప్పు చేసి తుపాకిమందు కొనడమా! ఆ ఇంటి ఇల్లాలి మాట ఏమిటో చరిత్రలో లేదు గాని, వ్యాపారం నిలబడింది, పిల్లల తరానికి అందింది. 1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ అనే ఆయన ఇంటి వర్క్‌షాపులో చేసిన చిన్న పెట్టెతో, ఒక సుత్తి ఉంటే చాలు, భోజనాల బల్ల మీదే తూటా నింపుకోవచ్చన్న పరిస్థితి వచ్చింది.

అక్కడి చట్టం సంగతి మన సెక్షను వారికి ఆసక్తిగా ఉంటుంది. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అమ్మకానికి తూటాలు చేసేవాడికి లైసెన్సు కావాలి. సొంత వాడకానికి నింపుకునేవాడికి అక్కరలేదు. స్థలం మాత్రం సొంతదైనంత మాత్రాన సరిపోదు. మ్యాన్ రాష్ట్రమైన మాసాచుసెట్స్‌లో మనుషులుండే ఇంటికి 500 అడుగుల లోపల, ఆ ఇంటివారి అనుమతి లేకుండా తుపాకి పేల్చరాదు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద తుపాకి వేరు, తూటా వేరు అని లేదు. తూటాల తయారీకీ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సుదారు ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో కూడా పుస్తకంలో రాసి ఇచ్చేవాళ్ళం. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మన జనసమ్మర్దంలో, మన ఊళ్ళ కక్షల్లో, ఇంటింటా మందు తూచుకోవడం కుదిరే పని కాదని నా అభిప్రాయం. అయినా కట్టుదిట్టం వల్ల మ్యాన్ వంటివాడు మన దగ్గర పుట్టే వీలు తగ్గిందన్నది కూడా నిజమే. రెండూ ఒప్పుకోవాలి.

క్రీడ్‌మూరు ఏమైందంటారా? చుట్టూ ఇళ్ళు పెరిగాయి, ఆదరణ తగ్గింది, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో మైదానం మూతపడింది. 1912లో ఆ స్థలంలో మానసిక చికిత్సాలయం వచ్చింది. న్యూయార్కులో నేడు క్రీడ్‌మూర్ అంటే ఆ ఆసుపత్రే గుర్తుకు వస్తుంది. షూటింగువారికి మాత్రం 2007లో హార్నడీ కంపెనీ ఆ పేరుతో తెచ్చిన ఒక తూటా.

మన ఆటగాళ్ళ విషయానికి వస్తే, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రాకు చండీగఢ్ దగ్గర ఇంటి ఆవరణలోనే తండ్రి కట్టించిన రేంజి ఉండేది. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాదు ఆటగాడు. వీరిద్దరికీ పతకాలు వచ్చినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. దానికి మందు లేదు, నింపుకోవలసిన గొట్టం లేదు. కర్మాగారంలో చేసిన సీసపు పెల్లెట్టు మాత్రమే. నడిబొడ్డు చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కాని ఒకే కంపెనీ పెల్లెట్లలో కూడా బ్యాచి బ్యాచికీ తేడా ఉంటుంది. అందుకని ఆ స్థాయి ఆటగాళ్ళు తమ రైఫిలును బిగింపులో పెట్టి, తాము పక్కన నిలబడి, ఒక్కో బ్యాచి నుంచి కొన్ని పెల్లెట్లు కొట్టించి, రంధ్రాలు కొలిచి, బాగా కలిసిన బ్యాచినే డబ్బాల కొద్దీ కొనిపెట్టుకుంటారు. మిల్‌ఫర్డ్‌లో ఆ డాక్టరు కాంక్రీటు దిమ్మె మీద చేసినది కూడా ఇదే.